ఎండ చూపించిన పొట్లం

పొట్లం సంచి అడుగున ఉంది. దాని మీద రెండు కిలోల కందిపప్పు, పప్పు మీద తువ్వాల, తువ్వాల మీద నా చెయ్యి. అయినా ఈ బోగీలో కూర్చున్న ప్రతివాడికీ అది కనబడుతున్నట్టే ఉంది నాకు. ఎదురు సీట్లో ఖాకీ ప్యాంటు మనిషి తాండూరులో ఎక్కినప్పటి నుంచి ఇటే చూస్తున్నాడు. పోలీసైతే బూట్లుండాలి, వీడికి చెప్పులున్నాయి. కానీ సెలవులో ఉన్న పోలీసు చెప్పులు వేసుకోడా ఏం? పక్కన కూర్చున్న ముసలమ్మ కన్నడం కలిసిన తెలుగులో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ మధ్యమధ్యలో ముక్కు ఎగబీలుస్తోంది. జలుబో, వాసన పసిగట్టిందో తెలియదు. తాండూరులో నా కిరాణా కొట్టుకు వచ్చి ఎవరినైనా అడగండి, శంకరమ్మ బొట్టు పెట్టుకోవడం మరిచిపోయినా త్రాసు తుడవడం మరిచిపోదంటారు. ఆ శంకరమ్మ పట్టపగలు ప్యాసింజర్ రైల్లో గంజాయి పెట్టుకుని వికారాబాదు పోతోంది. థూ, నా బతుకు. పట్టుబడితే మా ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆయనకు చెప్పనేలేదు. తమ్ముణ్ణి చూసొస్తానని మాత్రం చెప్పి బయలుదేరాను, అది అబద్ధం కాదు.

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పల్లీల బస్తా వస్తే పైపైన చూసి దించుకునే రకం కాదు నేను, మోచెయ్యి మునిగేదాకా లోపలికి చెయ్యి పెడతాను. లోపల గింజ వెచ్చగా తగిలితే బస్తా వెనక్కే. ఎండుకొబ్బరి కుడక తెస్తే పగలగొట్టించి చూస్తాను, చింతపండు తెస్తే నడుమ నుంచి చీల్చి చూస్తాను. హోల్‌సేల్ వాడు నన్ను చూసి తలకాయ కొట్టుకుంటాడు. మా ఆయన అయితే ఇప్పటికీ చుట్టాల ముందర దెప్పుతాడు, పెండ్లినాడు జీలకర్రబెల్లం నెత్తిన పెట్టేముందు కూడా గీమె వాసన జూసింది అని. చూశాను, ఏం తప్పు? బెల్లం పాతదే. ఇంతటి అనుమానపు దాన్ని, పొద్దున మా ఊరి అంజిలయ్య ఈ పొట్లం చేతిలో పెడితే విప్పి చూడకుండా సంచిలో వేసుకున్నాను. ఎందుకు చూడలేదు? వాళ్ల వాకిట్లో మంది ఉన్నారని, రైలుకు టైమైందని, అన్నీ సాకులు. చూడాలని లేదు, అంతే. చూస్తే బాగాలేదని తేలుతుందేమో, తేలితే తమ్ముడు నర్సప్ప ముందు ఉత్త చేతులతో నిలబడాల్సి వస్తుందేమో అని.

నర్సప్ప తిండి చూసినవాళ్లు ఎవరూ మరిచిపోరు. మా తమ్ముడు వికారాబాదులో స్కూలు బస్సు నడిపేవాడు. పొద్దున జొన్న రొట్టెలు దొంతరగా ముందు పెట్టుకుని, ఉల్లిగడ్డ గుద్దుకుని, పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగేవాడు. పెండ్లిళ్లలో వంటవాళ్లే వీడి దగ్గరికి వచ్చి ఉప్పు సరిపోయిందా అన్నా అని అడిగేవాళ్లు. వాడికి అయిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటి నుంచి ముద్దలు కలిపి పెట్టింది నేనే. ఆఖరి ముద్ద కుక్కకు అనేదాన్ని, అది కూడా లాక్కుని మింగేవాడు కోతివెధవ. ఇప్పుడు రక్తంలో క్యాన్సర్ అన్నారు. హైదరాబాదులో పెద్దాసుపత్రి, నరంలోకి మందు, ఇంటికి పంపడం, మళ్లీ పిలవడం. మందెక్కిన తర్వాత అన్నం వాసనకే కడుపు తిప్పుతోంది. గోలీలు ఇచ్చారు. అవి వేసుకుంటే వాంతి కాస్త ఆగుతుంది కానీ ఆకలి మాత్రం పుట్టదు. పోయినసారి నేను కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. మింగలేడు, ఊస్తే నేను బాధపడతానని ఊయలేడు. నేనే చెయ్యి చాచి, ఊసెయ్యిరా అన్నాను.

రుక్మాపూర్. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. ఖాకీ ప్యాంటు దిగలేదు. ఎండ కిటికీలోంచి వచ్చి సంచి మీద పడుతోంది. ఎండకు వాసన ఎక్కువవుతుందేమోనని సంచిని కాళ్ల మధ్యకు జరిపాను. అంజిలయ్య మా ఊరివాడే, నర్సప్పతో కలిసి గొర్రెల వెనక తిరిగినవాడు. వాడికి ఇప్పటికీ గొర్రెలున్నాయి, కంది చేనుంది. జాతరల్లో సాధువుల దగ్గర నేర్చుకున్నాడో ఏమో, మొదటి నుంచీ అప్పుడొకటి అప్పుడొకటి పీల్చే అలవాటుంది. పోయిన నెల నర్సప్పను చూడ్డానికి వెళ్లి, పెరట్లో కూర్చుని బీడీలో కొంచెం కూరి తాగించాడట. ఆ సాయంత్రం నర్సప్ప భార్య బిందు నాకు ఫోన్ చేసి గట్టిగా ఏడ్చింది. ఏమైంది, ఏమైంది అని నేనూ అరిచాను. "తిన్నడు వదినె! రొట్టె తిన్నడు, ఇంకోటి అడిగి తిన్నడు!" అంది. మరదలు అట్లా ఏడవడం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడు నేను కూడా అంజిలయ్యకు మనసులో దండం పెట్టుకున్నాను. అది బీడీ వల్లనా, ఆనాటికి మందు దిగిపోవడం వల్లనా అని అనుమానం రాలేదు. నాకు, అనుమానం రాలేదు! తమ్ముడు తిన్నాడంటే నా తెలివంతా చెరువులో పడిపోయింది.

కానీ డాక్టరు చెప్పిన మాట ఉంది. బిందుతో పాటు నేనూ విన్నాను. తెల్లకణాలు పడిపోయినయ్, బూజు వాసన ఉన్న గదిలో పడుకోబెట్టకండి, తడిగోడ దగ్గర వద్దు, మట్టి పని దగ్గర వద్దు, పాత పచ్చడి వద్దు, పూలకుండీ కూడా ఇంట్లో వద్దు అన్నాడు. మనకు ఏమీ చెయ్యని బూజు ఇతని ఊపిరితిత్తుల్లో మొలకెత్తుతుంది అన్నాడు. మొలకెత్తుతుంది అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. బిందు ఆ రోజే వచ్చి ఇంటి గోడలన్నీ తుడిచింది, తులసి కుండీ పక్కింటికి ఇచ్చేసింది. గంజాయి సంగతి మాత్రం డాక్టరుకు చెప్పలేదు. తిడతాడని, మందు ఆపేస్తాడని, పోలీసులకు చెబుతాడని ఏవేవో భయాలు. నేను కూడా చెప్పకు అన్నాను. అట్లా ఎందుకన్నానో ఇప్పుడు ఆలోచిస్తే అర్థం కావడం లేదు. కుండీని ఇంట్లోంచి వెళ్లగొట్టి, ఈ పొట్లాన్ని నేనే మోసుకుపోతున్నాను.

పొద్దున వాకిట్లో ఏం జరిగిందో మళ్లీ మొదటి నుంచి చూస్తాను. అంజిలయ్య వాకిలి నిండా కందులు. ఈ కాలంలో ఏ ఇంట్లో చూసినా అదే పని. ఎర్రమట్టి నీళ్లలో కలిపి కందులకు పట్టించడం, రాత్రంతా కుప్పపోసి తడి గోనెలు కప్పడం, తెల్లారి ఎండబోయడం. అట్లా చేస్తే పురుగు పట్టదు, పప్పు బాగా విడుతుంది. నేను పోయేసరికి కొన్ని కందులు ఎండుతున్నాయి, కొన్ని ఇంకా గోనెల కింద కుప్పగా ఉన్నాయి. అంజిలయ్య అటూ ఇటూ చూసి, ఆ కుప్ప పక్కనే గడ్డివామి సందులోంచి పొట్లం తీశాడు. "తమ్మి జల్ది మంచిగ గావాలక్కా. నేనే పోదునుగని గొర్లు ఈనుతున్నయి" అన్నాడు. అప్పుడు నేను ఒకటే అడిగాను, బాగుందారా ఇది, బూజూ గీజూ లేదు కదా అని. నవ్వాడు. "తెల్లగ కనవడ్తే పరేషాన్ గాకక్కా, గది బూజు గాదు. దాని పాలే గట్ల ఎండి పొడి లెక్క మెరుస్తది. ఎండల గూడ పెట్టిన, మంచిగ కడక్ అయింది" అన్నాడు.

ఎండల పెట్టిన. ఇప్పుడు, ఈ రైల్లో, ఆ మాట మీదికి నా మనసు పోయి కూర్చుంది. ఎందుకు పెట్టాడు ఎండలో? పోయిన నెల ఇదే అంజిలయ్య నాతో గొప్పగా చెప్పాడు, గంజాయి ఎండల పెట్టొద్దక్కా, నీడకే ఆరాలె, ఎండకు దాని సత్తువ పోతది అని. నీడకు ఆరాల్సినదాన్ని ఎండకు పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? తడిసి ఉంటే తప్ప ఎందుకు పెడతాడు? ఎక్కడ తడిసింది? నా చెయ్యి దానంతటదే కిందికి పోయింది, తువ్వాల, పప్పు దాటి పొట్లాన్ని పట్టుకుంది. బయటికి తీసుకున్న వేళ్లు చూసుకుంటే ఎర్రగా ఉన్నాయి. జేగురు మట్టి. గడ్డివామి సందులో ఎర్రమట్టి ఎందుకుంటుంది? ఇంట్లో వాళ్ల కోడలి కంట పడకుండా రాత్రి కందుల కుప్పలో, తడి గోనెల కింద దాచి ఉంటాడు. నేను వచ్చే ముందు తీసి గడ్డిలోకి మార్చి ఉంటాడు. తడి కందులు రాత్రంతా ఆవిరెక్కి ఎంత వెచ్చబడతాయో నాకు తెలియదా? చెయ్యి పెడితే చలిమంట దగ్గర పెట్టినట్టు ఉంటుంది. ఒక్క రాత్రా, పది రాత్రులా? ఒక్కొక్క కుప్ప అయిపోతుంటే ఇంకో కుప్పలోకి మారుస్తూ వచ్చాడా?

లేచాను. సంచి ఎత్తుకుని తలుపు దగ్గర చేతులు కడుక్కునే తొట్టి వైపు నడిచాను. ఖాకీ ప్యాంటు తల తిప్పి చూశాడు. చూడనీ, ఇప్పుడు వాడు మంత్రైనా నాకు లెక్కలేదు. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, గాలి లోపలికి కొట్టని మూల చూసుకుని పొట్లం విప్పాను. అవతలికి కనబడే ప్లాస్టిక్ కవరు, లోపల పేపరు, లోపల ఎండు మొగ్గలు. పైకి బాగానే ఉన్నాయి, పచ్చ మీద తెల్లటి పొడి. ఎండలోకి కొంచెం వంచి చూశాను. నిజమే, మెరుస్తోంది, సన్న ఉప్పు చల్లినట్టు. అంజిలయ్య అబద్ధం చెప్పలేదు. హమ్మయ్య అనుకోబోయాను. కానీ బస్తా పైపైన ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా. అన్నిట్లోకీ లావు మొగ్గ తీసి మధ్యకు చీల్చాను. పైన గలగలలాడింది, లోపల మెత్తగా ఊడింది. కాడ గోధుమరంగు తిరిగి ఉంది. కాడ చుట్టూ బూడిదరంగు దూది, సన్నటి దారాలు. ఎటు తిప్పినా మెరవడం లేదు. ఇంకొకటి చీల్చాను, లోపల శుభ్రంగానే ఉంది. మరొకటి చీలిస్తే మళ్లీ దూది. కొంగు మీదనుంచే వాసన వచ్చింది. పైన ఘాటు ఉంది, ఆ ఘాటు కింద వానకాలంలో గోదాములో అడుగు బస్తా లేపినప్పుడు వచ్చే ముక్కిపోయిన వాసన. దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

వెంటనే నా మీదే నాకు అనుమానం మొదలైంది. నాకు పల్లీలు తెలుసు, కందులు తెలుసు, దీని గురించి నాకేం తెలుసు? మొగ్గ లోపల ఇట్లాగే ఉంటుందేమో. మొదటి నుంచీ తమ్ముడు పొగ తాగడం నాకు ఇష్టం లేదు కాబట్టి తప్పు వెతుకుతున్నానేమో. బాగున్న మొగ్గలు ఏరి ఇస్తే సరిపోదా? పల్లీల్లో చెడ్డవి ఏరేసి మిగతావి వేయించుకోమా? ఏరవచ్చు, కానీ కంటికి కనబడేసరికి ఆ దూది అన్నిటి మీదా దుమ్ము చల్లేసి ఉంటుంది. కనబడనిదే మా తమ్ముడికి ఎక్కువ ప్రమాదం. పోనీ, నిప్పు పెడతారు కదా, నిప్పులో ఏ బూజు మిగులుతుంది? బీడీ కాలేది కొసన. పీల్చేవాడు కాలని భాగంలోంచే గాలి పీలుస్తాడు. దుమ్మంతా ముందు లోపలికి పోతుంది, నిప్పు తర్వాత వస్తుంది. ఇట్లా నాతో నేనే వాదించుకుంటూ నిలబడితే ధారూర్ వచ్చింది, పోయింది. ఆఖరికి ఫోన్ తీసి అంజిలయ్యకు కొట్టాను.

"నిజం జెప్పురా అంజీ. నువ్విచ్చినదానికి బూజు పట్టిందా లేదా?"

గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. "జరంత పట్టింది గనక్కా, దులిపిన. బట్టల ఏసి రుద్దిన, ఎండల ఏసిన. ఇప్పుడేం లేదు. నీకు ఉట్టిగనే ఫికర్."

"బూజు పట్టిన పల్లికట్టె దులిపి, ఎండల ఏసి, ఈనే గొర్రెకు ఏస్తవా?"

"ఎయ్యనక్కా" అన్నాడు, చిన్న గొంతుతో. "ఈసుకపోతది." కడుపులో పిల్ల పోతుందని వాడికి తెలియంది కాదు.

ఫోన్ పెట్టేశాను. అందామంటే నోట్లోకి చాలా తిట్లు వచ్చాయి, వాడి వంశం మొత్తానికి సరిపోయేన్ని. కానీ వాడు కావాలని చేసిన పని కాదు. మా దగ్గర దేనికి ఏది పట్టినా ఎండే మందు. మిరపకాయలకు మచ్చ వస్తే ఎండ, చింతపండుకు తెలుపు వస్తే ఎండ, పరుపుకు వాసన వస్తే ఎండ. వాడికి తెలిసిన ప్రేమ అది, పిచ్చి సన్నాసి. నర్సప్ప కోసం బట్టలో వేసి రుద్ది ఉంటాడు, ఒక్కొక్కటీ ఊది ఉంటాడు. చీల్చిన మొగ్గను పేపరు బయటికి కనబడేట్టు పెట్టి, కవరు మూతి ముడి వేశాను. తలుపులోంచి అవతల పారేద్దామనుకున్నాను. రైలు కట్ట పక్కన మేకలు మేస్తున్నాయి. అది కాక, పారేసి పోతే నర్సప్ప నమ్మడు. అక్కకు మొదటి నుంచీ ఇష్టం లేదు, తేకుండానే తెచ్చి పారేసిన అంటోంది అనుకుంటాడు. నా తమ్ముడే కదా, అనుమానం వాడి రక్తంలోనూ ఉంటుంది. చూపించే చెప్పాలి. ముసలమ్మ తొట్టి దగ్గరికి వచ్చి, తల తిరుగుతోందా తల్లీ అని అడిగి, నా వీపు మీద చెయ్యి వేసింది. ఇంతసేపు ఈమెను అనుమానించాను. గోధుమగూడ దగ్గర ఖాకీ ప్యాంటు దిగిపోయాడు, భుజాన టూల్స్ సంచి వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా.

వికారాబాదు. బిందు వస్తుందనుకున్నాను, నర్సప్పే వచ్చాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద మాస్కు కట్టుకుని కూర్చున్నవాణ్ణి చూసి ముందు ఎవరో ముసలాయన అనుకున్నాను. నన్ను చూసి లేచాడు, లేవడానికి బెంచీ చెయ్యి పట్టుకున్నాడు. నేను నాలుగడుగులు దూరంలోనే ఆగిపోయాను. ఏమక్కా బాగున్నవా అని కూడా అడగలేదు వాడు.

"తెచ్చినవా?"

"తెచ్చిన. ఇయ్య."

కళ్లు చిట్లించాడు. చెప్పాను. కందుల కుప్ప, తడి గోనెలు, ఎండ, దూది, గొర్రె, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. కవరు మూతి విప్పకుండానే పైకెత్తి, చీల్చిన మొగ్గను వెలుతురుకు పెట్టి చూపించాను. వాడు దాన్ని చూడలేదు, నా ముఖం చూశాడు.

"బూజైతేందక్కా? నాకు సావు కొత్తనా? ఇయ్యి. బిందు పప్పుచారు జేసింది, రొట్టెలు జేస్తున్నది. పొద్దటిసంది గిదే సోంచాయిస్తున్న, నువ్వొస్తవు, ఇంత పీలుస్త, తింట అని. ఆకలంటె ఎట్లుంటదో ఒక్కసారి సూస్తనక్కా. ఇయ్యి, నీ కాల్మొక్త."

చిన్నప్పుడు కూడా వాడు నా కాళ్లు మొక్కుతానన్లేదు. అడిగింది ఇవ్వకపోతే కరిచేవాడు. నేను సంచిలోంచి నీళ్ల సీసా తీశాను. రెండడుగులు వెనక్కి జరిగి, ముడి విప్పి కవరులోకి నీళ్లు పోసి, మూతి బిగించి, బయటినుంచి పిసికాను. వాడు "అక్కా" అన్నాడు. పిసుకుతూనే ఉన్నాను. మొగ్గలు, పేపరు, మట్టి అన్నీ కలిసి ముద్దయ్యాయి. తీసుకుపోయి చెత్త డబ్బా అడుగుకు తోసి, నల్లా దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి వాడు బెంచీ మీద కూలబడి ఏడుస్తున్నాడు. మాస్కు తడిసిపోయింది.

"ఆకలి పుట్టకుంటనే సంపుతవా నన్ను?"

"గట్ల పోతే దేవుడు తీస్కపోయిండనుకుంట. నేను తెచ్చినదాంతోని పోతే నేను సంపినట్టురా నర్సిగా! ఏ చేతితోని ముద్దలు పెట్టిన్నో గా చేతితోని గిది ఎట్ల పెట్టాలెరా నీకు?" పక్క బెంచీ వాళ్లు చూస్తున్నారు, చూస్తే చూడనీ. "రేపు నేనే వస్త హైదరాబాద్. డాక్టర్‌కు అంత చెప్త, గంజాయి తాగిచ్చినమని గూడ చెప్త. తిడితె తిట్టనీ. ఆకలయ్యే మందు ఉన్నదా లేదా అడుగుత. ఉన్నదంటే నమ్మ, చూపియ్యమంట."

వాడు ముఖం తుడుచుకున్నాడు. బెంచీ చెయ్యి పట్టుకుని లేచాడు. తర్వాత, "పా. రొట్టెలు సల్లారుతయి. ఎట్లైన కక్కుడే గని, బిందు ముంగట ఒక ముద్దన్న పెట్టుకుంట" అన్నాడు.

సంచి ఒక చేతిలో పట్టుకుని వంతెన మెట్లెక్కుతున్నాను. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. మునుపు వాడు చెయ్యి వేస్తే, తియ్యిరా, బండ పెట్టినట్టుంది అని విదిలించి కొట్టేదాన్ని. ఇప్పుడు సగం మెట్లు ఎక్కేలోపు, ఆ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉందా అని రెండుసార్లు తిరిగి చూసుకున్నాను.